గుంటూరు ఇంట్లో పాత కంప్యూటర్ మీద టీసీసీ కంపైలర్‌ను సోర్స్ నుంచి నిర్మించుకోవడం, దారిలో వచ్చే ఎర్రర్లను చదివి సరిచేసుకోవడం

ప్రతి ఆదివారం ఉదయం బ్రాడీపేటలోని మా ఇంటికి నలుగురైదుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు వస్తారు. వారిలో చాలామంది సీ ప్రోగ్రాములు చక్కగా రాయగలరు కానీ, తెర మీద ఎర్రర్ పడగానే దాన్ని చదవకుండానే తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తారు. ఎర్రర్ అనేది తిట్టు కాదు, చిరునామా. ఏ ఫైలులో, ఏ వరుసలో, ఏ దశలో పని ఆగిందో అందులోనే రాసి ఉంటుంది. ఆ చిరునామా చదవడం నేర్పడానికి నాకు తెలిసిన మంచి మార్గం, ఒక చిన్న కంపైలర్‌ను (మనం రాసిన కోడ్‌ను యంత్రం నడపగలిగే కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్‌ను) సొంతంగా నిర్మించి, దాని లోపలికి వెళ్లి చూడటం. అందుకు నేను ఎంచుకున్నది టైనీ సీ కంపైలర్, అంటే టీసీసీ.

దీన్ని రాసినవారు ఫాబ్రిస్ బెల్లార్డ్. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఒక కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ను అనుకరించే క్యూఈఎంయూ మొదలుపెట్టింది కూడా ఆయనే. కావాలనే అర్థం కాకుండా రాసిన సీ కోడ్‌కు జరిగే అంతర్జాతీయ పోటీలో 2001లో ఆయన పంపిన ఓటీసీసీ అనే బుల్లి కంపైలర్ నెగ్గింది. దాన్నే ఆయన తరువాత అందరూ చదవగలిగేలా పెంచి టీసీసీగా మలిచారు. ఇది ఎల్‌జీపీఎల్ లైసెన్స్ కింద ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. హెడర్లను చేర్చే ప్రీప్రాసెసర్, కంపైలర్, అసెంబ్లర్, ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా చేసే లింకర్ నాలుగూ ఒకే ప్రోగ్రామ్‌లో ఇమిడి ఉంటాయి. సోర్స్‌ను ఒక్కసారే పైనుంచి కిందికి చదువుతూ నేరుగా మెషిన్ కోడ్ రాసేస్తుంది కాబట్టి చాలా వేగంగా పనిచేస్తుంది. 2004లో బెల్లార్డ్ టీసీసీబూట్ అనే ప్రయోగంలో, 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 మీద లినక్స్ కెర్నల్‌ను కంప్యూటర్ ఆన్ అయ్యే సమయంలోనే సోర్స్ నుంచి 15 సెకన్లలోపు కంపైల్ చేసి బూట్ చేయించారు. అయితే లినక్స్‌లో మామూలుగా వాడే జీసీసీ కంపైలర్ లాగా ఇది కోడ్‌ను ఆప్టిమైజ్ చేయదు, అంటే వేగంగా నడిచేలా మెరుగుపరచదు. తయారైన ప్రోగ్రామ్ నిదానంగా నడుస్తుంది. నేర్చుకునేవారికి ఆ లోటు లెక్కలోకి రాదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ వ్యాసంలో ఆదేశాలన్నింటినీ పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.

నిర్మాణానికి ముందు

ఉబుంటు గాని డెబియన్ గాని ఉన్న ఏ కంప్యూటరైనా సరిపోతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద కూడా టీసీసీ నిర్మాణం ఇబ్బంది లేకుండా పూర్తవుతుంది. విండోస్ వాడేవారు, విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోవచ్చు గాని, సోర్స్‌ను మాత్రం విండోస్ సీ డ్రైవ్‌లోకి కాకుండా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకే దించుకోవాలి. విండోస్ వైపున ఉన్న గిట్‌తో (సోర్స్ దించుకుని, మార్పులను గుర్తుంచుకునే సాధనం) దించితే ప్రతి వరుస చివర విండోస్ పద్ధతి గుర్తు ఒకటి అదనంగా చేరే అవకాశం ఉంది. అప్పుడు కాన్ఫిగర్ స్క్రిప్టు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటూ మొదటి వరుసలోనే ఆగిపోతుంది. స్క్రిప్టులో తప్పేమీ ఉండదు, వరుస చివర కంటికి కనిపించని ఆ గుర్తే కారణం.

ముందుగా ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ గిట్’ అనే ఆదేశంతో జీసీసీ, ఫైళ్లను వరుసగా కంపైల్ చేయించే మేక్, సీ లైబ్రరీ హెడర్లు, గిట్ తెచ్చుకోవాలి. ఒక కంపైలర్‌ను నిర్మించడానికి మరో కంపైలర్ కావాలి, ఆ మొదటి కంపైలర్ ఇక్కడ జీసీసీ.

ఈ దశలోనే గడియారం చూసుకోండి. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే, స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ అలా తప్పుగా ఉంటే గిట్ సర్టిఫికెట్ చెల్లదంటూ, ఆప్ట్ రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటూ మొరాయిస్తాయి. మేక్ అయితే ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ అని హెచ్చరిస్తుంది, ఎందుకంటే ఏ ఫైలును మళ్లీ కంపైల్ చేయాలో అది ఫైళ్లు మారిన సమయాలను పోల్చే నిర్ణయిస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోకపోతే, మీరు మార్చిన ఫైలును మేక్ వదిలేసి పాతదాన్నే వాడుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసిన తరువాతే ముందుకు వెళ్లాలి.

సోర్స్ తెచ్చి నిర్మించడం

టీసీసీ అధికారిక గిట్ భాండాగారం రెపో.ఆర్.సీజెడ్ అనే చోట ‘టైనీసీసీ’ పేరుతో ఉంది. అందులో పని జరిగే శాఖ (బ్రాంచ్) పేరు ‘మాబ్’. 2017 డిసెంబరులో వచ్చిన 0.9.27 విడుదల కంటే ఈ శాఖనే తీసుకోమని నా సలహా. కారణం స్పష్టమైనదే: 0.9.27లోని ‘బీచెక్.సి’ అనే ఫైలు, మెమరీ హద్దులు తనిఖీ చేయడానికి, లినక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలోని మాలాక్ హుక్‌లను (మెమరీ అడిగే పిలుపులను మధ్యలో పట్టుకునే కొక్కేలను) వాడుకుంటుంది. 2021లో వచ్చిన జీలిబ్‌సీ 2.34లో ఆ హుక్‌లను హెడర్ల నుంచి తీసేశారు. కాబట్టి ఇప్పటి ఉబుంటు మీద పాత విడుదలను నిర్మిస్తే, మీ తప్పేమీ లేకుండానే ‘మాలాక్ హుక్ అన్‌డిక్లేర్డ్’ అనే ఎర్రర్ వస్తుంది.

‘గిట్ క్లోన్’తో ఆ శాఖను దించుకున్నాక, సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/టీసీసీ’ అని ఇవ్వాలి. ఇక్కడ హోమ్ అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. ప్రిఫిక్స్ ఇవ్వకపోతే టీసీసీ సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లాలని చూస్తుంది, సుడో (అడ్మిన్ అధికారం) లేనిదే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. నేర్చుకునేటప్పుడు సొంత హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే, తేడా వస్తే ఆ ఫోల్డర్‌ను చెరిపేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కాన్ఫిగర్ పని మీ కంప్యూటర్‌ను పరిశీలించడం: ప్రాసెసర్ ఏది, హెడర్లు ఎక్కడున్నాయి, లైబ్రరీలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి అని చూసి తన సెట్టింగుల ఫైళ్లలో రాసుకుంటుంది. అందువల్ల కొత్త ప్యాకేజీ ఏదైనా చేర్చినప్పుడు కేవలం మేక్ మళ్లీ నడిపితే చాలదు, కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టాలి.

తరువాత ‘మేక్’, ఆపైన ‘మేక్ టెస్ట్’, చివరగా ‘మేక్ ఇన్‌స్టాల్’. మేక్ పూర్తయ్యాక ఇన్‌స్టాల్ చేయకముందే ప్రయత్నించాలనుకుంటే, సోర్స్ ఫోల్డర్‌లోనే ఉండి ‘./టీసీసీ -బి. -రన్ హలో.సి’ అని ఇవ్వవచ్చు. ఇందులో బి పెద్ద అక్షరం, దాని వెంటనే చుక్క. ‘నీ సొంత లైబ్రరీని, హెడర్లను ఈ ఫోల్డర్‌లోనే వెతుకు’ అని దాని అర్థం. అది ఇవ్వకపోతే ‘లిబ్‌టీసీసీ1.ఎ’ దొరకలేదనే ఎర్రర్ వస్తుంది. టీసీసీ తయారుచేసే ప్రోగ్రాములకు అవసరమైన చిన్నచిన్న సహాయక ఫంక్షన్లు ఆ ఫైలులో ఉంటాయి. ఇక ‘-రన్’ ఆప్షన్ టీసీసీ ప్రత్యేకత. డిస్క్ మీద ప్రోగ్రామ్ ఫైలు ఏదీ సృష్టించకుండా, మెమరీలోనే కంపైల్ చేసి అక్కడే నడిపిస్తుంది.

ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు

ఇది మా గుంటూరులో మేలో నిజంగా ఎదురయ్యే ఇబ్బంది. మేక్ నడుస్తుండగా ఇన్వర్టర్ లేని ఇంట్లో కరెంటు పోతుంది. తిరిగి వచ్చాక మళ్లీ మేక్ కొడితే, ఏ మార్పూ చేయకపోయినా లింకర్ ‘ఫైల్ నాట్ రికగ్నైజ్డ్, ఫైల్ ట్రంకేటెడ్’ అంటుంది. ఒకసారి మా దగ్గరికి వచ్చే అమ్మాయి ఈ ఎర్రర్ చూసి, సోర్స్ పాడైందనుకుని మొత్తం గిట్ నుంచి మళ్లీ దించుకోవడానికి సిద్ధపడింది. “ఆగమ్మా, ముందు ఆ ఫోల్డర్‌లోని ఆబ్జెక్ట్ ఫైళ్ల సైజులు చూడు” అన్నాను. ‘ఎల్ఎస్ -ఎల్’ ఇచ్చి చూస్తే, ‘టీసీసీజెన్.ఓ’ అనే ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ అయి, ఇంకా లింకర్ కలపని ముక్క) సరిగ్గా సున్నా బైట్లు ఉంది. కరెంటు పోయే క్షణానికి ఫైలు పేరు డిస్క్ మీదికి చేరింది, లోపలి సరుకు చేరలేదు. మీరు కంట్రోల్-సీ నొక్కి ఆపితే సగంలో ఉన్న ఫైలును మేక్ తానే చెరిపేస్తుంది గాని, కరెంటు పోయినప్పుడు దానికి ఆ అవకాశం ఉండదు. పైగా ఆ సున్నా బైట్ల ఫైలు తేదీ సోర్స్ కంటే కొత్తది కాబట్టి, అది సిద్ధంగా ఉందనే మేక్ నమ్ముతుంది. ‘మేక్ క్లీన్’ ఇచ్చి మళ్లీ ‘మేక్’ ఇస్తే చాలు. ఆ రోజు సున్నా సైజు చూడగానే ఆ అమ్మాయి కారణాన్ని తనంతట తానే చెప్పింది.

ఏ దశలో ఆగిందో గుర్తించడం

సీ ప్రోగ్రామ్ నడవడానికి ముందు నాలుగు గడపలు దాటుతుంది: ప్రీప్రాసెసర్, కంపైలర్, లింకర్, చివరగా ప్రోగ్రామ్‌ను మెమరీలోకి ఎక్కించే లోడర్. ఎర్రర్ ఏ గడప దగ్గర వచ్చిందో తెలిస్తే మందు దాదాపు తెలిసినట్టే. ‘ఇన్‌క్లూడ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అంటే ప్రీప్రాసెసర్ దగ్గరే ఆగింది. హెడర్ ఉన్న ప్యాకేజీ లేదు, లేదా దాని ఫోల్డర్‌ను పెద్ద ఐ ఆప్షన్‌తో చెప్పలేదు. వరుస సంఖ్యతో ‘ఎక్స్‌పెక్టెడ్’ అనే మాట వస్తే కంపైలర్ దగ్గర ఆగింది. వరుస సంఖ్య లేకుండా ‘అన్‌డిఫైన్డ్’ అనే మాటతో ఫంక్షన్ పేరు వస్తే అది లింకర్ మాట. ప్రోగ్రామ్ తయారయ్యాక, నడిపినప్పుడు ‘లిబ్‌టీసీసీ.ఎస్ఓ తెరవలేకపోయాను’ అన్న అర్థంలో వస్తే అది లోడర్ ఫిర్యాదు. లైబ్రరీ ఉన్న చోటు దానికి తెలియదన్నమాట.

జీసీసీ ఒక్క తప్పుకు పాతిక ఎర్రర్లు కురిపించగలదు. అందులో మొదటిదే నిజమైనది, మిగతావి చాలావరకు దాని పిల్లలు. టీసీసీ మొదటి ఎర్రర్ దగ్గరే పని ఆపేస్తుంది కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మేలని నా అభిప్రాయం. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: అయిదో వరుస చివర సెమీకోలన్ మరిచిపోతే, ఎర్రర్ ఆరో వరుస పేరుతో వస్తుంది. కంపైలర్ తరువాతి పదాన్ని చదివాక గాని లోటును గుర్తించలేదు. కాబట్టి చూపిన వరుసలో తప్పు కనిపించకపోతే దాని పై వరుస చూడండి.

లింకర్ గడప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే. ఒక కుర్రాడు ‘స్క్వేర్‌రూట్ ఆఫ్ 2.0’ లెక్కించే ప్రోగ్రామ్ రాశాడు. జీసీసీతో సజావుగా నడిచింది, టీసీసీతో ‘ఎస్‌క్యూఆర్‌టీ’ దొరకలేదనే ఎర్రర్ వచ్చింది. “సార్, టీసీసీలో లోపం ఉంది” అన్నాడు. “2.0 తీసేసి, విలువను కీబోర్డు నుంచి చదివేలా మార్చి చూడు” అన్నాను. మార్చాడు, ఈసారి జీసీసీ కూడా అదే ఎర్రర్ ఇచ్చింది. జరిగింది ఇది: స్థిరమైన సంఖ్య ఇచ్చినప్పుడు జీసీసీ కంపైల్ చేసేటప్పుడే 1.414 లెక్క తేల్చి, ఆ జవాబునే ప్రోగ్రామ్‌లో పెట్టేసింది. ఫంక్షన్‌ను పిలిచే అవసరమే రాలేదు, కాబట్టి గణిత లైబ్రరీ లేదన్న సంగతి బయటపడలేదు. టీసీసీ అలాంటి ముందు లెక్కలు చేయదు, రాసింది రాసినట్టు పిలుస్తుంది. రెండింటికీ మందు ఒక్కటే: ఆదేశం చివర ‘-ఎల్ఎమ్’ చేర్చడం. చివర అనే మాట ముఖ్యం. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, అప్పటికి ఎవరెవరికి ఏ ఫంక్షన్ కావాలో చూసుకుంటూ పోతుంది. లైబ్రరీని ముందే ఇస్తే, అప్పటికి అడిగినవారెవరూ లేక దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

‘సీఆర్‌టీ1.ఓ దొరకలేదు’ అన్నది మరో తరచు ఎర్రర్. ప్రోగ్రామ్ ‘మెయిన్’ నుంచి మొదలవుతుందని పాఠాల్లో చదువుకుంటాం గాని, నిజానికి మొదలయ్యేది ఈ ఫైలులోని ‘_స్టార్ట్’ అనే చోట. అది సీ లైబ్రరీని సిద్ధం చేయించాకే మెయిన్‌కు పిలుపు వెళ్తుంది. ఇంకో డిస్ట్రిబ్యూషన్‌లో తయారైన టీసీసీని స్నేహితుడి దగ్గర పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే 64 బిట్ల ఉబుంటు ఈ ఫైళ్లను ‘ఎక్స్86_64-లినక్స్-గ్నూ’ అనే ప్రత్యేక ఫోల్డర్‌లో పెడుతుంది, తెచ్చుకున్న టీసీసీకి ఆ చోటు తెలియదు. ‘టీసీసీ -వీవీ’ అని ఇస్తే అది ఏయే ఫోల్డర్లు వెతుకుతుందో జాబితా ఇస్తుంది. మీ ఫోల్డర్ ఆ జాబితాలో లేకపోతే, మీ కంప్యూటర్ మీదే కాన్ఫిగర్ చేసి నిర్మించుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

పాత అభిరుచి ప్రాజెక్టుల సోర్స్‌ను ఇప్పటి జీసీసీతో నిర్మించేటప్పుడు మరో రెండు ఎర్రర్లు తప్పకుండా ఎదురవుతాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి, హెడర్ ఫైలులో ఎక్స్‌టర్న్ అనే మాట లేకుండా రాసిన గ్లోబల్ వేరియబుల్‌ను రెండు ఫైళ్లు చేర్చుకుంటే ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటుంది; అంతకుముందు మౌనంగా కలిపేసేది. హెడర్‌లో ఎక్స్‌టర్న్ చేర్చి, ఒక్క ‘.సి’ ఫైలులో మాత్రమే అసలు వేరియబుల్ ఉంచడం సరైన పరిష్కారం. తొందరలో ఉంటే ‘-ఎఫ్‌కామన్’ ఆప్షన్ పాత పద్ధతిని తిరిగి తెస్తుంది. అలాగే 2024లో వచ్చిన జీసీసీ 14, హెడర్ చేర్చకుండా ఫంక్షన్‌ను పిలిస్తే హెచ్చరికతో వదలకుండా ఎర్రర్‌గా ఆపేస్తుంది. ఇది మంచి మార్పు. ‘ఎస్‌టీడీలిబ్’ హెడర్ లేకుండా మాలాక్‌ను పిలిస్తే, పాత నియమం ప్రకారం కంపైలర్ దాని జవాబును 32 బిట్ల పూర్ణాంకంగా భావిస్తుంది. 64 బిట్ల చిరునామాలో సగం తెగిపోతుంది. ప్రోగ్రామ్ కొన్ని రోజులు నడిచి, ఒకరోజు కారణం తెలియకుండా కూలిపోతుంది. టీసీసీతో కంపైల్ చేసేటప్పుడు ‘-వాల్’ ఆప్షన్‌ను అలవాటు చేసుకోండి, వాల్‌లోని మొదటి అక్షరం పెద్దది. ఇలాంటి చోట అది హెచ్చరిస్తుంది.

మేక్‌ఫైలు గురించి ఒక్క ముక్క. వాట్సాప్‌లో పంపుకున్న మేక్‌ఫైలును కాపీ చేసినప్పుడు వరుస మొదట్లో ఉండాల్సిన ట్యాబ్ ఖాళీలుగా మారితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని వస్తుంది. ఆ ఖాళీలు చెరిపి, ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కాలి.

టీసీసీతో టీసీసీని నిర్మించడం

ఇప్పుడు అసలైన పరీక్ష. జీసీసీ తయారుచేసిన టీసీసీని మొదటి టీసీసీ అందాం. దానితో ‘./టీసీసీ -బి. -ఓ టీసీసీ2 టీసీసీ.సి’ అని ఇచ్చి (ఇక్కడా -బిలోని బి పెద్ద అక్షరమే) రెండోదాన్ని తయారుచేయాలి. ‘టీసీసీ.సి’ మిగతా ఫైళ్లన్నింటినీ తనలోకి చేర్చుకుంటుంది కాబట్టి ఈ ఒక్క పేరు చాలు. తరువాత టీసీసీ2తో అదే సోర్స్ నుంచి టీసీసీ3 తయారుచేసి, ‘సీఎమ్‌పీ టీసీసీ2 టీసీసీ3’ అని పోల్చాలి. మొదటిదీ రెండోదీ ఒకేలా ఉండవు, ఎందుకంటే వాటి మెషిన్ కోడ్ రాసింది వేర్వేరు కంపైలర్లు. రెండోది, మూడోది మాత్రం బైటుకు బైటు సమానంగా ఉండాలి. సీఎమ్‌పీ ఏమీ మాట్లాడకపోతే సమానమేనని అర్థం. తేడా వస్తే, మీ మార్పుల వల్ల కోడ్ తయారీలో ఎక్కడో పొరపాటు దొర్లిందని అనుమానించాలి.

లోపలికి వెళ్లి మొదటి మార్పు చేయడం

సోర్స్‌లో ముందు చదవాల్సినవి రెండే ఫైళ్లు: పదాలను విడగొట్టే ‘టీసీసీపీపీ.సి’, వాక్య నిర్మాణాన్ని చూసి కోడ్ పుట్టించే ‘టీసీసీజెన్.సి’. ప్రాసెసర్‌కు సంబంధించిన భాగం ‘ఎక్స్86_64-జెన్.సి’లో విడిగా ఉంటుంది, దాన్ని మొదట్లో వదిలేయవచ్చు.

టీసీసీపీపీ.సిలో ‘స్కిప్’ అనే చిన్న ఫంక్షన్ ఉంది. సెమీకోలన్ వంటి గుర్తు రావలసిన చోట వేరేది వస్తే ఎర్రర్ ఇచ్చేది అదే. 0.9.27లోని సందేశంలో ముందు ‘%సి’ ద్వారా రావలసిన గుర్తు, తరువాత ‘%ఎస్’ ద్వారా నిజంగా వచ్చిన పదం అచ్చవుతాయి; మాబ్ శాఖలో ఈ వరుస వేరుగా ఉండవచ్చు, కాబట్టి ముందు మీ సోర్స్‌లో చదివి చూసుకోండి. ఈ సందేశాన్ని తెలుగులోకి మార్చమని నేను విద్యార్థులకు మొదటి పని ఇస్తాను. టీసీసీ దాన్ని మామూలు యూటీఎఫ్-8 అక్షరాలుగా అచ్చు వేస్తుంది కాబట్టి తెలుగు రాయడానికి అడ్డంకి లేదు. చిక్కు వేరే చోట ఉంది. తెలుగులో “‘}’ వచ్చింది, ఇక్కడ ‘;’ ఉండాలి” అని రాయడమే సహజం. అలా రాసేసరికి %ఎస్ ముందుకు, %సి వెనక్కి పోతాయి, కానీ వాటికి అందే విలువల వరుస మారదు. అప్పుడు %ఎస్ ఒక అక్షరం సంఖ్యను మెమరీ చిరునామాగా భావించి అక్కడికి చదవడానికి వెళ్తుంది. సెమీకోలన్ సంఖ్య 59, ఆ చిరునామా దగ్గర ఏమీ ఉండదు. ఎర్రర్ చూపించాల్సిన కంపైలరే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని కూలిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. విలువలను కూడా తారుమారు చేయవచ్చు, లేదా ఎన్నో విలువ కావాలో సంఖ్యతో చెప్పే ‘%2$ఎస్’, ‘%1$సి’ రూపాలను వాడవచ్చు. జీలిబ్‌సీ ఈ రూపాన్ని అర్థం చేసుకుంటుంది.

మార్పు చేసి ‘మేక్’ ఇచ్చాక, సెమీకోలన్ లేని ఒక ప్రోగ్రామ్‌ను దానికి ఇవ్వండి. టెర్మినల్‌లో తెలుగు వరుస కనిపిస్తుంది. ఆ తరువాత ‘మేక్ టెస్ట్’ నడిపితే, టెస్ట్స్2 ఫోల్డర్‌లో ఎర్రర్ల మాటలనే తనిఖీ చేసే పరీక్ష విఫలమయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే ‘.ఎక్స్‌పెక్ట్’ అనే ఫైలులో పాత ఇంగ్లీషు మాటలు ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటాయి. విఫలమైన చోట పాత వరుస, కొత్త వరుస ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. తేడా మీరు మార్చిన మాటల్లోనే ఉందో, మరెక్కడైనా ఉందో చదివి చూసుకోండి. ‘గిట్ డిఫ్’ మీ మార్పును చూపిస్తుంది. ఆ మార్పును మీ కోసం ఉంచుకోవాలంటే ‘గిట్ చెకౌట్ -బి తెలుగు’ అన్నట్టుగా, పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి, మీ కంప్యూటర్‌లోనే విడిగా ఒక శాఖ తీసి అందులో కమిట్ చేసుకోండి. మాబ్ శాఖ అసలు రూపంలో అలాగే ఉంటుంది.